బంగారు అక్షరాల బాకీ

1924 జూన్ 3 పొద్దున. ఎవరెస్టు ఉత్తర భుజం మీద, 25 వేల అడుగులు దాటిన చోట, రాళ్లు పేర్చి చదును చేసుకున్న కాస్త జాగాలో రెండు చిన్న గుడారాలు. ఒకదాంట్లో ఇద్దరు ఇంగ్లిషువాళ్లు. ఒకడు సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్, పేరు ఎడ్వర్డ్ నార్టన్. రెండోవాడు సర్జన్, హోవార్డ్ సోమర్‌వెల్. పక్క గుడారంలో మూటలు మోసుకొచ్చిన కొండమనుషులు నలుగురు, కాళ్లు చాపుకునే చోటు లేక ముడుచుకుని పడుకున్నారు. తెల్లారగానే నార్టన్ వాళ్ల గుడారంలోకి తల దూర్చాడు. ఎవరూ లేవలేదు. మూలుగులే జవాబు.

ముందురోజు పైనుంచి రాళ్లు దొర్లిపడ్డాయి. ఒకడికి తల పగిలింది, ఇంకొకడికి మోకాలు వాచింది. అందరికీ తలనొప్పి. ఆ ఎత్తున టీ కాచుకోవాలన్నా ముందు మంచు కరిగించాలి, అదే గంట పని. వాళ్లని లేపడానికి నార్టన్ గంటల తరబడి బతిమాలాడు, నచ్చజెప్పాడు. చివరికి ఒక మాట ఇచ్చాడు. ఇంకో గుడారాన్ని 27 వేల అడుగుల దాకా చేర్చండి, మేం శిఖరం ఎక్కితే ఈ కథంతా పుస్తకంగా వస్తుంది, అందులో మీ పేర్లు బంగారు అక్షరాల్లో ఉంటాయని.

ముగ్గురు లేచారు. నర్బు యిషే, లక్పా చెడె, సెంచుంబి. మోకాలు దెబ్బతిన్నది సెంచుంబికే, కుంటుకుంటూనే వచ్చాడు. మధ్యాహ్నానికి 26,800 అడుగుల దగ్గర గుడారం, పడక సంచులు, కాసిని తిండి సరుకులు దించి, ముగ్గురూ వెనక్కి తిరిగారు. అంత ఎత్తున అంతకు ముందు ఏ మనిషీ రాత్రి గడిపింది లేదు.

మర్నాడు సోమర్‌వెల్ గొంతు పట్టేసి ఆగిపోయాడు. నార్టన్ ఒంటరిగా 28,126 అడుగుల దాకా వెళ్లి, ఇక అడుగు పడక తిరిగొచ్చాడు. అప్పటి లెక్కలో శిఖరం 29,002 అడుగులు. తొమ్మిది వందల అడుగులు కూడా లేవు. ఆక్సిజన్ సీసా లేకుండా చేరిన ఆ ఎత్తును 1978లో మెస్నర్, హాబెలర్ వచ్చేదాకా 54 ఏళ్లపాటు ఎవరూ దాటలేకపోయారు.

శిఖరం అందలేదు గానీ పుస్తకం మాత్రం వచ్చింది. 1925లో లండన్‌లో ఎడ్వర్డ్ ఆర్నాల్డ్ సంస్థ అచ్చేసిన ‘ద ఫైట్ ఫర్ ఎవరెస్ట్: 1924’. రచయితలుగా నార్టన్, ‘యాత్రలోని ఇతర సభ్యులు’. కొండల పుస్తకాలు పోగేసేవాళ్లు ఈరోజుకీ దీనికోసం కాచుకుని ఉంటారు.

నేను దాన్ని మొదటిసారి చేత్తో పట్టుకున్నది హైదరాబాద్‌లో ఒక మిత్రుడి ఇంట్లో. అకౌంట్స్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరైన పెద్దమనిషి. గోల్కొండ బాలాహిసార్ ఎక్కాలంటే మధ్యలో మూడుచోట్ల కూర్చుంటారు. ఇంట్లో మాత్రం ఒక గోడ గోడంతా హిమాలయాలే. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద మొదలైన పిచ్చి, ఆ తర్వాత విదేశీ వేలంపాటల జాబితాల దాకా పాకింది.

“చేతులు కడుక్కున్నారా మాస్టారూ?” అన్నారు ముందుగా. గ్లౌజులిస్తారేమో అనుకున్నాను. “గ్లౌజు వేసుకుంటే కాగితం అంచు వేలికి తెలీదు, చిరిగి ఊరుకుంటుంది. కడిగి ఆరబెట్టిన చేతులే మేలు” అంటూ టేబుల్ మీద తువ్వాలు పరిచి, దానిమీద పుస్తకం పెట్టారు.

పెద్ద సైజు, బరువైన పుస్తకం. 370 పేజీలు దాటుతుంది. నీలిరంగు బట్ట బైండు. ఏ కిటికీ పక్కన బీరువాలో ఎన్నేళ్లుందో, వెన్ను రంగు వెలిసి బూడిదలోకి దిగింది. వెన్ను మీద బంగారు అక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి. అవి పుస్తకం పేరుకి వేసినవి. లోపల ఫొటోల పేజీలు నున్నటి కాగితం. మామూలు పేజీల అంచుల్లో, చిన్నప్పుడు మన తాతల దస్తావేజుల్లో చూసినలాంటి లేత గోధుమరంగు చుక్కలు. పాత పుస్తకాల వ్యాపారంలో దీన్ని ఫాక్సింగ్ అంటారు. ధర తగ్గించి అడగడానికి కొనేవాళ్లకు పనికొచ్చే మొదటి మాట అది.

అసలు తనిఖీ చివర్లో ఉంటుంది. వెనక అట్ట దగ్గర మడత పెట్టిన పెద్ద మ్యాపు ఉండాలి. చాలా కాపీల్లో ఉండదు. ఎవరో చించుకుని గోడకు తగిలించుకునో, మడత దగ్గర చిరిగి రాలిపోయో ఉంటుంది. మా మిత్రుడు మొదటిసారి దూరదేశం నుంచి తెప్పించిన కాపీలో మ్యాపు లేదు. అమ్మినతను ఆ సంగతి దాచాడు. తిప్పి పంపితే పోస్టు ఖర్చులు ఈయనకే పడ్డాయి. “మూడు నెలల పెన్షన్ మాస్టారూ” అన్నారు. అది చెప్పేటప్పుడు గొంతులో కోపం ఇంకా పోలేదు.

పై కాగితపు అట్ట, అంటే డస్ట్ జాకెట్, ఉంటే లెక్క ఇంకో రకంగా మారుతుంది. ఆ రోజుల్లో దాన్ని పుస్తకం కొట్టునుంచి ఇంటికి వచ్చేదాకా కాపాడే కాగితంగానే చూసేవారు, ఇంటికొచ్చాక చెత్తబుట్టలో వేసేవారు. అందువల్ల నూరేళ్ల తర్వాత ఆ పనికిమాలిన కాగితం, కొన్నిసార్లు పుస్తకం కన్నా ఎక్కువ పలుకుతోంది. మా మిత్రుడి కాపీకి అది లేదు. ఆ మాట ఎత్తకుండా ఉండటమే మర్యాద.

ఇది ఒంటరి పుస్తకం కాదు, మూడిట్లో మూడోది. 1921లో దారి వెతకడానికి వెళ్లిన యాత్ర మీద హోవార్డ్-బరీ పుస్తకం 1922లో వచ్చింది. 1922 ప్రయత్నం మీద జనరల్ చార్లెస్ బ్రూస్ పుస్తకం 1923లో వచ్చింది. ఆ మీదట ఇది. ప్రచురణకర్త ఒక్కరే. మూడూ తొలి ముద్రణల్లో, మ్యాపులతో సహా ఒకే అరలో ఉంటే ఆ ఇంటికి కొండల పుస్తకాల లోకంలో ఒక హోదా ఉన్నట్టే.

మూడిటినీ వరసగా చదివితే ఒక మనిషి మెల్లగా పుస్తకంలోంచి జారిపోవడం కనిపిస్తుంది. జార్జ్ మల్లరీ. మొదటి పుస్తకంలో పర్వతాన్ని నలువైపులా తిరిగి దారి కనుక్కున్న అధ్యాయాలన్నీ ఆయనవే. రెండోదాంట్లోనూ తన ప్రయత్నాల గురించి తనే రాశాడు. మూడోదాంట్లో ఆయన రాసిన అధ్యాయం లేదు. భార్య రూత్‌కు దారి పొడుగునా రాసిన ఉత్తరాలున్నాయి, అంతే. మొదటి రెండు పుస్తకాల మీద మల్లరీ సంతకం దొరకవచ్చు. ఈ మూడోదాని మీద మల్లరీ సంతకం ఉందని ఎవరైనా చెబితే, అక్కడికక్కడే లేచి వచ్చేయొచ్చు.

ఈ పుస్తకాలు కీర్తి కోసం రాసినవి అనుకుంటే పొరపాటు. డబ్బు కోసం కూడా. యాత్రలు నడిపింది రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ, ఆల్పైన్ క్లబ్ కలిసి పెట్టుకున్న మౌంట్ ఎవరెస్ట్ కమిటీ. పత్రికలకు వార్తల హక్కు, ప్రచురణకర్తకు పుస్తకం హక్కు అమ్మి ఖర్చులు రాబట్టుకునేవారు. 1924లో ఫొటోలు, సినిమా హక్కుల కోసం కెప్టెన్ జాన్ నోయెల్ ఏకంగా 8 వేల పౌండ్లు పోశాడు. ఆయన తీసిన మూగ సినిమాతో పాటు లండన్‌లో ప్రదర్శించడానికి టిబెట్ నుంచి బౌద్ధ భిక్షువులను తీసుకెళ్లి నాట్యం చేయించారు. లాసాలో పెద్దలకు అది తల కొట్టేసినట్టయింది. ఆ గొడవతో తర్వాత తొమ్మిదేళ్లపాటు ఆ కొండవైపు ఏ యాత్రా పోలేదు. పుస్తకానికి ముందుమాట రాసిన ఫ్రాన్సిస్ యంగ్‌హజ్బెండ్, అంతకు ఇరవయ్యేళ్ల ముందు సైన్యంతో లాసా దాకా చొచ్చుకెళ్లిన మనిషి. టిబెట్‌వాళ్లకు ఈ పేర్లన్నీ ఎలా వినిపించి ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఫొటోల పేజీల్లో ఒకటి దగ్గర మా మిత్రుడు ఆగారు. ఏటవాలు రాతిపలకలు, వాటిమీద పలచగా మంచు, ఆ మధ్యలో చీమంత మనిషి. 28 వేల అడుగుల దగ్గర నార్టన్, తీసింది సోమర్‌వెల్. అప్పటిదాకా భూమ్మీద అంత ఎత్తున ఎవరూ ఫొటో తీయలేదు. ఫొటో తీసినవాడు ఆ పూట ఊపిరందక కూలబడిపోయాడు. దిగేటప్పుడు చలికి గొంతు లోపలి పొర ఊడి అడ్డం పడింది. ముందు నడుస్తున్న నార్టన్‌కు ఆ సంగతే తెలియదు. సోమర్‌వెల్ మంచులో కూర్చుని, ఇక చావే అనుకుని, ఆఖరుసారి రెండు చేతులతో ఛాతీని గట్టిగా నొక్కుకున్నాడు. అడ్డం పడింది నెత్తురుతో సహా బయటికొచ్చింది. ఆ తర్వాత చల్లగాలి లోపలికి పోతుంటే ఎంత నొప్పిగా ఉన్నా హాయిగానే ఉందట.

ఈ సోమర్‌వెల్ కథ మనకు కాస్త దగ్గరిది. 1922 యాత్ర అయ్యాక దక్షిణాది చూద్దామని దిగి, తిరువాన్కూరు సంస్థానంలోని నెయ్యూరు మిషన్ ఆసుపత్రి ముందు రోగుల బారు చూశాడు. లండన్‌లో పెద్ద సర్జన్ కావాల్సినవాడు అక్కడే ఉండిపోయాడు. తర్వాత 1949 నుంచి 1961 దాకా వేలూరు సీఎంసీలో సర్జరీ పాఠాలు చెప్పాడు. ఇటు చిత్తూరు, నెల్లూరు నుంచి ఆ రోజుల్లో వేలూరు ఆసుపత్రికి రైలెక్కిన తెలుగువాళ్లు ఎంతోమంది. అక్కడి వరండాలో తమను దాటిపోయిన తెల్ల డాక్టరు ఎవరెస్టు మీద 28 వేల అడుగులెక్కిన మనిషని వాళ్లలో ఎందరికి తెలుసు?

ఇక యాత్రలో ఇంకో సభ్యుడు నోయెల్ ఓడెల్ రాసిన అధ్యాయం. టేబుల్ మీద పెట్టి వదిలేస్తే పుస్తకం దానంతటదే అక్కడ తెరుచుకుంది. “పాత పుస్తకం అంతే మాస్టారూ, ఎక్కువసార్లు ఎక్కడ తెరిచారో అక్కడే నోరు తెరుస్తుంది” అన్నారు మిత్రుడు. నూరేళ్లలో ఎన్ని చేతులు మారిందో గానీ, అందరూ వెతుక్కున్నది ఆ పేజీలనే అన్నమాట.

జూన్ 4 ప్రయత్నం విఫలమయ్యాక నార్టన్‌కు మంచు వెలుగు తగిలి కళ్లు కనిపించలేదు. మల్లరీ ఈసారి ఆక్సిజన్‌తో వెళ్తానన్నాడు, తోడుకు 22 ఏళ్ల ఆండ్రూ ఇర్విన్‌ను తీసుకున్నాడు. కొండలెక్కిన అనుభవం పెద్దగా లేకపోయినా, ఆ బరువైన ఆక్సిజన్ పరికరాలను విప్పి బాగుచేయడంలో ఇర్విన్ చెయ్యి తిరిగినవాడు. జూన్ 7న పై శిబిరం నుంచి కూలీలతో మల్లరీ రెండు చీటీలు పంపాడు. ఒకటి ఓడెల్‌కు. గుడారం చిందరవందరగా వదిలొచ్చామని క్షమాపణ, చివరి నిమిషంలో పొయ్యి కొండ కిందికి దొర్లిపోయిందన్న కబురు, దిక్సూచి మరిచిపోయాను తెచ్చిపెట్టమన్న మనవి. రెండోది కెప్టెన్ నోయెల్‌కు, మర్నాడు ఏ వేళకు తమకోసం దుర్భిణీ ఎక్కుపెట్టాలో చెబుతూ. అందులో పొద్దున ఎనిమిది అని రాయబోయి రాత్రి ఎనిమిది అని రాశాడు. ప్రపంచం పైకప్పు మీద నిలబడబోయే మనిషి పొయ్యి జారవిడుచుకోవడం, దిక్సూచి మర్చిపోవడం, వేళ తప్పు రాయడం! నాకు మల్లరీ మీద అభిమానం కలిగింది ఆ చీటీల దగ్గరే.

జూన్ 8న ఓడెల్ వాళ్లకు అండగా వెనక ఒంటరిగా ఎక్కుతున్నాడు. వృత్తి భూగర్భ శాస్త్రం. దారిలో రాళ్లలో శిలాజాలు కనబడితే వాటిని ఏరుకుంటూ వెళ్తున్నాడు. 12.50కి మబ్బు తెర ఒక్కసారిగా పక్కకు తొలగింది. పైన శిఖర రేఖ మీద ఒక నల్లటి చుక్క ఒక రాతిమెట్టు వైపు కదిలింది. వెనక ఇంకో చుక్క. అంతలో మళ్లీ మబ్బు కమ్మేసింది. మల్లరీ, ఇర్విన్‌లను ప్రాణాలతో చూసిన చివరి చూపు అదే.

వాళ్లు ఏ మెట్టు మీద ఉన్నారన్నదే నూరేళ్ల తగువు. ఆ శిఖర రేఖ మీద వరసగా రాతిమెట్లున్నాయి. వాటిలో రెండోది నిలువుగోడ. దాన్ని దాటారంటే శిఖరం అందే అవకాశం ఉన్నట్టు. మొదటిదాని దగ్గరే ఉన్నారంటే ఆశ లేనట్టు. ఓడెల్ మొదట పంపిన కబురులో పై మెట్టు అన్నట్టుగానే రాశాడు. ఏడాది తర్వాత ఈ పుస్తకం వచ్చేసరికి మొదటి మెట్టు కావచ్చన్న వైపు మొగ్గాడు. చూసింది ఒక్కడే, అదీ కొన్ని నిమిషాలు. ఇంటికొచ్చాక స్నేహితులు, పెద్దలు అడిగిన ప్రశ్నలు ఆ చూపు మీద ఎంత పొగమంచు పరిచాయో! కోర్టులో సాక్షి మాట మార్చాడంటారే, అలాంటి మార్పు కాదిది, గుర్తు మెల్లగా సడలడం. అందుకే గట్టి కలెక్టర్లు పుస్తకంతో ఆగరు. 1924లో పత్రికల్లో పడిన ఆ మొదటి కబురు కాగితాలను కూడా వెతుకుతారు.

ఓడెల్ ఆ తర్వాత రెండుసార్లు పై శిబిరానికి వెళ్లి గాలించాడు. ఎక్కడా జాడలేదు. పైన దుప్పట్లు పరిచి కిందివాళ్లకు సైగ చేశారు. ఆరు దుప్పట్లు, శిలువ ఆకారంలో. అంటే చనిపోయారని. కింద కెప్టెన్ నోయెల్ పొడుగు లెన్సుతో దాన్ని సినిమా తీశాడు.

పుస్తకం అక్కడికే ఆగింది, కథ ఆగలేదు. 1933లో శిఖర రేఖకు కాస్త కింద ఒక మంచుగొడ్డలి దొరికింది. 1975లో ఒక చైనా పర్వతారోహకుడు ఆ చుట్టుపక్కల పాత ఇంగ్లిషు మనిషి శవాన్ని చూశానని నాలుగేళ్ల తర్వాత జపాన్ సహచరుడికి చెప్పాడు. చెప్పిన మర్నాడే మంచుచరియ కింద పడి పోయాడు. 1999 మే 1న కాన్రాడ్ ఆంకర్ 8,150 మీటర్లు దాటిన చోట మల్లరీ శరీరాన్ని కనుక్కున్నాడు. నడుముకు తాడు రాసుకుపోయిన గుర్తు, జేబులో నల్ల కళ్లజోడు, రుమాల్లో చుట్టిన ఉత్తరాలు. కెమెరా లేదు. ఆ కెమెరా తనదేనని, తనే మల్లరీకి ఇచ్చానని సోమర్‌వెల్ తర్వాత చెప్పాడు. 2024 సెప్టెంబర్‌లో కొండ ఉత్తరం వైపున, కింద రొంగ్‌బుక్ హిమానీనదంలో ఒక బూటు బయటపడింది. లోపల పాదం, ఊలు మేజోడు, దానికి కుట్టిన గుడ్డ చీటీ మీద ఇర్విన్ పేరు. ఇలాంటి కబురు ఒకటి వచ్చిన ప్రతిసారీ ఈ నీలం పుస్తకం కోసం అడిగేవాళ్లు పెరుగుతారు. కొత్త సాక్ష్యం దొరికినప్పుడల్లా పాత సాక్ష్యం ఎలా రాసుందో సరిచూసుకోవాలి మరి.

మనకింకో లంకె ఉంది. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, 13 ఏళ్ల 11 నెలల వయసులో, సాధనపల్లి ఆనంద్‌కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది ఈ వైపు నుంచే. అంత చిన్న వయసుకు నేపాల్ అనుమతి ఇవ్వదు, అందుకని టిబెట్ దారి. అంటే నార్టన్ గుడారాలు వేసిన ఉత్తర భుజం, ఓడెల్ చుక్కలను చూసిన శిఖర రేఖ. ఆ రెండో మెట్టుకు 1975లో చైనావాళ్లు నిచ్చెన బిగించారు. అప్పట్నుంచీ దాన్ని దాటేవాళ్లు దాదాపు అందరూ నిచ్చెన మీదే వెళ్తారు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన ఆ ఇద్దరు పిల్లలు నడిచిన దారి 1925లో వచ్చిన ఈ పుస్తకంలో మ్యాపు మీద ఊహగానే ఉండి ఉంటుందనుకున్నాను. తర్వాత మ్యాపు విప్పి చూశాను.

“విప్పేముందు ఒక పేజీ చూడండి” అన్నారు మిత్రుడు. నార్టన్ రాసిన అధ్యాయంలో జూన్ 3 పొద్దున. ఆ చోట పుస్తకం బిగువుగా ఉంది, వేలితో ఒత్తి పట్టుకోవాల్సి వచ్చింది. నార్టన్ దాచలేదు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే రాశాడు, ముగ్గురి పేర్లూ రాశాడు. అందరి పేర్లలాగే మామూలు నల్ల సిరాలో.

ఆయన ఆ పేరా మీద వేలు పెట్టకుండా, కొంచెం పైన గాల్లో ఆపి చూపించారు. “షరతు గమనించారా? శిఖరం ఎక్కితేనే బంగారం. మా ఆఫీసులోనూ ఇలాంటి ఫైళ్లే మాస్టారూ. పని పూర్తిగా చేసినవాడికి, పని ఫలించలేదని బిల్లు ఆపేసేవాళ్లం.”

వాళ్ల పని 26,800 అడుగుల దగ్గర గుడారం వేయడం. వేశారు. ఆ గుడారం లేకపోతే మర్నాటి 28,126 అడుగులు లేవు. మల్లరీ, ఇర్విన్‌లు చివరి రాత్రి పడుకున్నదీ ఆ గుడారంలోనే. ఆ యాత్రలో బాగా పనిచేసిన మూటమోతగాళ్లకు పులులని బిరుదు ఇచ్చారు. ఆ మాట తర్వాత షెర్పాలకు దశాబ్దాలపాటు నిలిచిపోయింది. 1922లో మంచుచరియ కింద పోయిన ఏడుగురూ ఇలాంటి మూటమోతగాళ్లే. యాత్ర ముగిశాక బేస్ క్యాంపులో పేర్చిన రాళ్ల గుట్ట మీద మూడు యాత్రల్లో పోయినవాళ్లవి 12 పేర్లు చెక్కారు. తొమ్మిది ఇక్కడివాళ్లవే. నర్బు యిషే, లక్పా చెడె, సెంచుంబి ఆ గుట్ట మీద లేరు. బతికి కిందికి దిగారు కాబట్టి.

తర్వాత మ్యాపు విప్పాం. మడతలు ఎండి ఉన్నాయి, ఒక మడత దగ్గర ఎవరో లోపలి వైపు పలచని కాగితం అతికించి కాపాడారు. లోపల కొండల అంచులూ హిమానీనదాలూ కనిపించాయి. విప్పినంత సులువు కాదు మళ్లీ మడవటం. ఏ గీత లోపలికి, ఏ గీత బయటికి అని ఆయన చెబుతుంటే, రెండు చివర్లు పట్టుకుని నేను మెల్లగా దగ్గరికి తెచ్చాను. ఒక్కసారి తప్పు మడిచాం. మళ్లీ విప్పి, మళ్లీ మొదలుపెట్టాం.